గోరింకకి ఏమవుతుంది?

ఆ అంతరిక్ష సీరియల్‌కి రచయితలంటూ ఎవరూ లేరు. తర్వాతేమవుతుందోనని ఇళ్ళల్లో జనం అనుకునే మాటలన్నీ టీవీలు వినేవి. ఏ అపార్ట్‌మెంట్‌లో ఏ ఊహ ఎక్కువమంది నోళ్ళలో నానితే, ఆ సాయంత్రం అక్కడ అదే కథ.

నిన్నటి భాగంలో గోరింక అనే బుల్లి రోబో శనిగ్రహం దగ్గర ఒంటరిగా చిక్కుకుపోయింది. అప్పట్నుంచి తనూజ కూతురు, ఏడేళ్ళ ఇషిత, అన్నం ముట్టలేదు.

తనూజ ఉండబట్టలేక, పొయ్యి మీద కూర దించేసి ఎదురింటి తలుపు తట్టింది.

"పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది. గోరింక చచ్చిపోతుందని మాత్రం మీ ఇంట్లో ఎవర్నీ అననివ్వకండి. మా పిల్ల తట్టుకోలేదు."

"అయ్యో, చచ్చిపోతుందా ఏంటి? మాకసలు ఆ ఆలోచనే రాలేదమ్మా!"

ఆవిడ వెనకాల టీవీ మీద పచ్చదీపం ఒకసారి వెలిగి ఆరింది.

ప్రతి గుమ్మంలోనూ అదే బతిమాలడం, అదే ప్రశ్న, అదే పచ్చదీపం. నాలుగో అంతస్తుకొచ్చాక తనూజకు తను చేసిన పని తెలిసొచ్చింది. అప్పటికే మెట్ల మీద జనం చేరారు.

"గోరింక పోతుందంట కదా!"

"ఎవరూ ఏమీ అనకండి, దణ్ణం పెడతాను," అంది తనూజ. ఎవరూ ఆగలేదు.

సాయంత్రం ఏడింటికి గోరింక కళ్ళలో వెలుగు ఆరిపోయింది. ఇషిత ఏడవలేదు. చివర్లో ఎప్పటిలాగే తెర మీదికొచ్చిన అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది.

"ఈనాటి కథను... మొదట ఊహించినవారు... తనూజ."

తల తిప్పి తల్లిని చూసింది.

"నువ్వా అమ్మా?"