గోడ గోడు

"ఏయ్ పెద్దాయనా!"

సూపర్‌వైజర్ నాలుగుసార్లు అరిచాడు. పెద్దాయన తిరగలేదు.

కట్టబోయే మేడకి పునాది గొయ్యి అది. ఇరవై అడుగుల లోతు. ఓ పక్క ఇసుక గోడ, అది కూలకుండా చెక్కలు. ఎవరూ పిలవకుండానే వచ్చిన ఆ పెద్దాయన, చెక్కల సందులోంచి ఇసుకలోకి ఇనప కడ్డీ దిగ్గొట్టి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టుకుని నిలబడ్డాడు.

సూపర్‌వైజర్ వెళ్ళి భుజం పట్టి తిప్పాడు. పదవిలో సూపరూ ఉంది, వైజూ ఉంది. మనిషిలో మాత్రం రెండూ నో స్టాకు.

"పిలిస్తే పలకవేం? పొగరా? ఆకలేస్తే కాంటీనుంది, కడ్డీ కొరుకుతావేం?"

పెద్దాయన అతని మూతివైపే చూశాడు. మీసానికేమైనా అంటుకుందేమోనని సూపర్‌వైజర్ తడుముకున్నాడు.

"ఇసుక చప్పుడు చేస్తోంది సార్. మనుషుల్ని పైకి పంపండి."

"ఓహో! గోడ తన గోడు వెళ్ళబోసుకుంటోందా? నువ్వు పళ్ళతో వింటున్నావా?"

"ముద్దలో ఇసుక పడితే ముందు తెలిసేది పళ్ళకే కదా సార్. నిన్న ఆగి ఆగి టిక్కుమంది. ఇవాళ పేలాలు వేగినట్టుంది."

"పేలాలా? పేలుతున్నది నువ్వు! గట్టుమీద మూడ్రోజులుగా అవే సిమెంటు బస్తాలు. గోడమీద బరువేమైనా పెరిగిందా?"

"పెరగక్కర్లేదు సార్. ఉన్న బరువు దిగకుండా కూర్చుంటే చాలు. కింద రేణువులు నలుగుతూ, జారుతూ ఉంటాయి. చప్పుడు జోరందుకుందంటే ఇసుకకి ఓపిక అయిపోయినట్టే."

"సాయంత్రానికి కాంక్రీటు పడాలి. నాకు ఇసుకతో పని, నీ విసుగుతో కాదు. ఫో!"

పక్కనే పనిచేస్తూ వింటున్న మేస్త్రి తాపీ కింద పడేశాడు. ఇక తాపీగా ఉండే వేళ కాదని అతనికి అర్థమైంది.

"నాకిద్దరు పిల్లలు సార్. ఎక్కుతున్నా."

అతని వెనకే తొమ్మిదిమంది కూలీలూ నిచ్చెన దగ్గరికి నడిచారు.

పెద్దాయన మళ్ళీ కడ్డీ దగ్గరికెళ్ళాడు.

"నేను వింటూ ఉంటా. అందరూ ఎక్కాక భుజం తట్టండి సార్, వచ్చేస్తా."

ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. త్వరగా, ఇంకా త్వరగా అన్నట్టు పెద్దాయన ఎడంచెయ్యి గాల్లో ఊగుతోంది.

ఆఖరున సూపర్‌వైజర్. భుజం తట్టాలంటే పది అడుగులు వెనక్కి నడవాలి.

నడవలేదు. పైకెక్కి కేకేశాడు.

"అయిపోయింది! రావయ్యా!"

పెద్దాయన తిరగలేదు.

చెక్క ఒకటి ఫెటిల్లుమంది. గట్టుమీద బస్తాలు ఒరిగాయి.

"ఏయ్! రమ్మంటుంటే!"

పెద్దాయన చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.

ఇంకా పొగరే, అనుకున్నాడు సూపర్‌వైజర్.

గోడ కూలింది.

తవ్వి బయటికి తీసేసరికి సాయంత్రమైంది. కడ్డీ ఇంకా పళ్ళ మధ్యే ఉంది.

గేటు దగ్గర పెద్దాయన కూతురు నిలబడి ఉంది. సూపర్‌వైజర్ ఆమె ముందు తలెత్తలేకపోయాడు.

"గొంతు చించుకుని పిలిచానమ్మా. ఒక్కసారి వెనక్కి తిరిగుంటే బతికేవాడు."

ఆమె అతని చేతులవైపు చూసింది.

"పిలిచారా? పదేళ్ళ కిందట ఇలాంటి గోతిలోనే ఇసుక మీదపడితే బతికి బయటపడ్డాడు సార్... అప్పట్నుంచీ నాన్నకి చెవులు వినపడవు."