తోకల విందు

"ఆ తోకలు నా వంటింటి గడప దాటి లోపలికొచ్చాయంటే, నేను ఈ ఇంటి గడప దాటి బయటికి పోతానండీ," అంది రత్నమాల, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

చలపతిరావు చేతిలో థర్మాకోల్ పెట్టె. పెట్టెలో ఐసు, ఐసులో నాలుగు లాబ్‌స్టర్ తోకలు, అంటే జానెడేసి సముద్రపు రొయ్యల్లాంటివి. విశాఖపట్నం నుంచి తాడేపల్లిగూడెం దాకా సుఖంగా బస్సులో వచ్చినవి వంటింటి ముందు ఆగిపోయాయి.

"ఒక్క పూటే రత్నం. రొయ్యల కంపెనీ మేనేజరు నరేంద్ర గారు భోజనానికొస్తున్నారు. కలిదిండి చెరువుల్లో రొయ్యలు కొనే ఏజెన్సీ ఎవరికివ్వాలో ఇవాళే తేల్చేస్తారు. కోడిగుడ్డు కూడా ముట్టని కొంపని తెలిస్తే మనకెందుకిస్తారు?"

"ఉల్లిపాయలమ్ముకునేవాళ్లం. మనకెందుకండీ రొయ్యలు?"

"ఇరవయ్యేళ్లు ఉల్లిపాయలతో ఏడ్చాను. ఇకనైనా రొయ్యలతో నవ్వనీ."

రత్నమాల కదల్లేదు. తోకలున్నది పెట్టెలోనే అయినా, ముడుచుకోవాల్సి వచ్చింది చలపతిరావుకే. పెరట్లోకి నడిచాడు.

రేకుల కింద పొయ్యి పెట్టాడు. కొత్త మూకుడు, కొత్త గరిట, కొత్త కత్తెర. సాయంత్రానికి మూడూ పారేయాల్సినవే. ఫోను గోడకి ఆనించి వీడియో పెట్టాడు. అందులో అమ్మాయి పెంకు చీల్చి, లోపలి కండని పువ్వులా పైకి తీసింది. చలపతిరావు చేతిలో మాత్రం పెంకు పెంకితనం చేసింది. చల్లటి నీళ్లు జిగురుగా మోచేతి దాకా కారాయి. నల్లదారంలాంటి పేగుని లాగమంది అమ్మాయి. కళ్లు మూసుకుని లాగాడు. అది సగంలో తెగింది. మిగతా సగం కోసం కళ్లు తెరవక తప్పలేదు.

ఇక వాసన. నీచు వాసన అంటే నీచుకి మర్యాద, అది నీచాతినీచం. వెన్నకి లొంగలేదు, వెల్లుల్లికి వంగలేదు. మూకుట్లో పెంకులు ఎర్రబడ్డాయి, మూకుడు ముందు మనిషి తెల్లబడ్డాడు.

"ఉప్పు చూశారా?" కిటికీలోంచి అడిగింది రత్నమాల.

"ఎవరు చూడాలి?"

"నన్ను చూడకండి."

ఉప్పు చూడకుండానే దించేశాడు.

నరేంద్ర గారు వచ్చారు. పళ్లెంలో తోకలు చూశారు, చలపతిరావుని చూశారు.

"ఇవి మీ ఇంట్లోనే వండారా అండీ?"

"మాకు రోజూ ఉండేవేనండీ. నీచు లేందే మా ఇంట్లో ముద్ద దిగదు."

లోపల రత్నమాల చేతిలోంచి ఏదో గిన్నె పడింది.

"అయితే మీరూ తింటారన్నమాట."

"భలేవారండీ. నాకు ప్రాణం."

"మరి కూర్చోండి. కలిసి తిందాం."

తాతల నాటి నుంచి పప్పూ పచ్చడీ తప్ప ఎరగని వంశంలోని నోరది. చలపతిరావు ఒక ముక్క లోపల పెట్టుకున్నాడు. అది రబ్బరులా సాగింది, నమిలేకొద్దీ పెరిగింది. నాలుక దాన్ని ముందుకి నెట్టింది, ఏజెన్సీ దాన్ని వెనక్కి నెట్టింది. కలిదిండి చెరువులన్నిటినీ వరసగా తల్చుకుని, గుటుక్కున మింగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నవ్వాడు. నమ్మకం కుదరాలి కదా అని రెండో ముక్క కూడా తీసుకున్నాడు.

నరేంద్ర గారు తన పళ్లెం ముట్టుకోలేదు. నిట్టూర్చి లేచి, చెప్పులు వేసుకున్నారు.

"ఇంతకుముందు చేసిన ముగ్గురు ఏజెంట్లూ మా ఐసు పెట్టెల్లోంచి రోజూ ఇంటికి సంచులు మోశారండీ. ఈసారైనా రొయ్య వాసనే పడని మనిషికిద్దామని, ఊరంతా అడిగి తెలుసుకుని మరీ మీ ఇంటికొచ్చాను."