అడగని సందేహం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురున్నారు. నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, పిల్లి.

పిల్లి అంటే ఆ ఇంటి ఆడపిల్ల. అడుగుల చప్పుడూ మాట చప్పుడూ రెండూ వినిపించవని ఆ పేరు పెట్టారు. పదిహేడేళ్లు. సి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. మర్నాడే ప్రాక్టికల్ పరీక్ష.

"రేపు తప్పిందంటే చదువు మాన్పించి ఎల్లుండి నుంచి నా షాపులో కూర్చోబెడతాను. నాన్నా, మీరు మాటిచ్చారు," అన్నాడు అన్నయ్య, కంచం ముందుకు లాక్కుంటూ. అతనికి ఫోన్లు బాగుచేసే షాపుంది.

నాన్న తలూపాడు. మాటివ్వడం ఆయన వంతు. ఎవరికేం ఇచ్చాడో గుర్తుంచుకోవడం అమ్మ వంతు.

వదిన వడ్డిస్తోంది.

పిల్లి ధైర్యం కూడగట్టుకుంది. "అన్నయ్యా, ఒక ప్రోగ్రాం మొరాయిస్తోంది. ముందు మార్కులు అడుగుతుంది. అంకె కొట్టి ఎంటర్ నొక్కుతాను. తర్వాత గ్రేడు అక్షరం అడుగుతుంది. కానీ నన్ను కొట్టనివ్వదు. దానంతటదే దాటిపోతుంది."

"ఆఫ్ చేసి ఆన్ చెయ్యి."

"చేశాను."

"అయితే కీబోర్డు పోయింది. షాపుకి పట్రా."

సాంకేతిక చర్చ అంతటితో ముగిసింది.

వదిన చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేసింది. "తలనొప్పిగా ఉంది. కాసేపు పడుకుంటాను," అంటూ గదిలోకి వెళ్లింది.

"రోజూ మూడింటికి వచ్చే తలనొప్పి ఇవాళ ఒంటిగంటకే దిగింది," అంది అమ్మ. "ఇంత ఉక్కలో ఫ్యాను కూడా వేసుకోదు. అదేం తలనొప్పో!"

ఇక పిల్లికి ఒక్కరే దిక్కు. ఇంటర్నెట్‌లో కొత్తవాళ్ల కోసం సి పాఠాల వీడియోలు పెట్టే ఒకావిడ. ముఖం కనిపించదు. తెర మీద ప్రోగ్రాం ఒక్కటే కనిపిస్తుంది. ఆవిడ గొంతెత్తదు. ఎంత పెద్ద సంగతైనా గుసగుసగానే చెబుతుంది. అందరూ గుసగుస మేడం అంటారు. 'మేడం, కాస్త గట్టిగా చెప్పండి' అని వీడియో కింద ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. 'చెవి దగ్గర పెట్టుకోండి కన్నా' అని ఆవిడ జవాబిస్తూనే ఉంటుంది.

పిల్లికి ఆ గుసగుసే నచ్చింది. గట్టిగా మాట్లాడేవాళ్లెవరూ ఇంతవరకు ఆమెకి ఏమీ నేర్పలేదు.

పాఠాలన్నీ వెతికింది. తన సందేహం ఎక్కడా లేదు. అడుగుదామని నాలుగుసార్లు రాసింది. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అని నవ్వుతారేమోనని నాలుగుసార్లూ చెరిపేసింది.

చివరికి వెళ్లి వదిన గది తలుపు తట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది.

"వదినా, నువ్వైనా అన్నయ్యకి చెప్పవా? రేపు తప్పినా ఇంకొక్కసారి రాయనిమ్మని."

"నేను చెబితే మీ అన్నయ్య చెవికెక్కుతుందా?"

"ఒక్కసారి చెప్పి చూడు వదినా."

"ఇప్పుడు కాదు పిల్లీ. వెళ్లి చదువుకో. గంట దాకా తలుపు కొట్టకు."

సరే అనబోయింది పిల్లి.

వదిన ఆమె ముఖం మీదే తలుపు మూసి, గడియ పెట్టి, ఫ్యాను ఆపి, బీరువాలో బట్టల కింద దాచిన లాప్‌టాప్ తెరిచి, మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని గుసగుసగా మొదలుపెట్టింది: "అంకె కొట్టాక మీరు నొక్కిన ఎంటర్ ఎక్కడికీ పోదు కన్నా, గుమ్మంలోనే నిలబడి ఉంటుంది."