కిందపడే తాత

దబ్బుమని చాప మీద పడ్డాడు ముసలాయన.

లేచి, బట్టలు దులుపుకుని, "మళ్ళీ ఎత్తి పడెయ్ అబ్బాయ్!" అన్నాడు.

ఇసోకిచికి ఒళ్ళు మండింది. ఎల్లుండే ఒకాయామాలో పోలీసు జూడో పోటీలు. గెలిస్తేనే ఉద్యోగం. "మన జూడో ఆ పాత జుజుత్సు కుస్తీ కడుపులోంచి పుట్టిందే. కొండవతల ఆ విద్య నేర్పే గురువుగారున్నారు, వెళ్ళి కాళ్ళు పట్టుకో" అని తన జూడో బడి పెద్దలు చెబితే, కొండ దాటి ఇంత దూరం వచ్చాడు. తీరా వస్తే, శిష్యుడు కన్‌జిరో ఈ ముసలాయన్ని అప్పగించి తన పని చూసుకుంటున్నాడు.

"గురువుగారెప్పుడొస్తారు తాతా?"

"ముందు నన్ను పడెయ్. భుజంతో కాదు, నడుముతో."

పడేశాడు.

"ఊహూఁ. ఇంకా కిందికి వంగు."

పొద్దు వాలేదాకా ఇదే వరస. పడటం తప్ప ఇంకేమీ చేతకాని మనిషి, సలహాలకు మాత్రం తక్కువ లేదు!

"నిన్ను పడేస్తే నాకేం ఒరుగుతుంది? నిన్నెవరైనా పడేస్తారు!" అంటూ విసురుగా చెప్పులేసుకున్నాడు ఇసోకిచి.

"రేపు కూడా రా. ఇంకొక పట్టుంది" అన్నాడు ముసలాయన, ఆయాసపడుతూనే.

ఇసోకిచి వెనక్కి తిరిగి చూడలేదు.

పోటీ రోజు వచ్చింది. ఎదురుగా కొండంత మనిషి. జనం ఒకటే కేకలు. అతను మీదికి రానే వచ్చాడు!

ఇసోకిచి ఆలోచించనేలేదు. నడుము దానంతటదే కిందికి వంగింది. అంత మనిషీ గాల్లో గిర్రున తిరిగి వెల్లకిలా పడ్డాడు!

హాలు దద్దరిల్లిపోయింది.

"ఎక్కడ పట్టావయ్యా ఈ పట్టు?" అని అందరూ చుట్టుముట్టారు.

ఇసోకిచి ఆనందం పట్టలేకపోయాడు. పాపం, ఆ తాతని అన్నిసార్లు పడేయబట్టే కదా ఈ గెలుపు! వరిగపిండి ఉండల పొట్లం కొని, కొండ మీదుగా పరుగు లంకించుకున్నాడు.

గుమ్మంలో తెల్లబట్టలతో కన్‌జిరో ఎదురయ్యాడు.

"గురువుగారు రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు బాబూ."

ఇసోకిచి నీరుగారిపోయాడు. "అయ్యో! ఆయన్ని చూసే రాత లేదు నాకు. పోనీ, ఆ పడే తాతనైనా పిలవండి. ఈ ఉండలు ఆయనకే తెచ్చాను."

కన్‌జిరో ఆ పొట్లాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"నిన్న పొద్దంతా మీ కోసం ఈ గుమ్మంలోనే కూర్చున్నారు. మీరు కొత్త విద్యవాళ్ళు, మీకు తెలియదు... మా దగ్గర శిష్యుడు పడేస్తాడు, పడేది గురువే బాబూ."