ఊరు దాటని లైబ్రేరియన్

"నీ డిటెక్టివ్ నవలల్లో ఆ లైబ్రేరియన్‌ని ఈసారైనా ఊరు దాటించవే, ఆర్డిస్," అంది హేజెల్. "ఇక్కడి లైబ్రరీ నడిపేది నేను కాబట్టి, అది నేనేనని ఊరంతా అనుకుంటోంది. నాకు బోస్టన్ లైబ్రరీలో ఉద్యోగమొచ్చిందంటే, 'మరి హంతకుల్నెవరు పడతారు? నీ పిల్లి గతేంటి?' అని నవ్వుతున్నారు. నాకసలు పిల్లే లేదు!"

"పాఠకులు ఒప్పుకోరే."

"పోయిన నవల్లో ఆ లైబ్రేరియన్‌ని బస్సెక్కించి, పిల్లి తప్పిపోయిందని దింపేశావు. అదీ పాఠకులే అడిగారా?"

ఆర్డిస్ టైప్‌రైటర్ మీంచి చేతులు తీసేసింది. హేజెల్ మొదటిసారి బోస్టన్ మాటెత్తిన రోజే తను ఆ బస్సు పేజీ రాసింది.

"నేనే దింపాను. నువ్వెళ్లిపోతే ఈ ఊళ్లో నాకెవరున్నారే?"

హేజెల్ గొంతు తగ్గింది. "ఆ మాట నాతోనే అనొచ్చుగా. నన్ను పుస్తకంలో కట్టేశావేం?"

ఆర్డిస్ కళ్లు తుడుచుకుంది. "ఎప్పుడు ప్రయాణం?"

"కథలోనా?"

"కాదే. నీది."