రోడ్డు బడిది కాదు

ఏలూరు శివార్లలోని దివ్యాంగుల బడి గేటు దగ్గర ఓ ఆడమనిషి కుక్కతో నిలబడి ఉందని కబురొస్తే, కరస్పాండెంట్ జ్ఞానయ్య బయటికొచ్చారు.

"పిల్లలున్న చోటికి కుక్కేంటమ్మా?"

"దీని పేరు బంతి అండి. ఇలాంటి పిల్లల దగ్గర మసలడానికి ట్రైనింగ్ ఇప్పించాను. టీకాల కాగితాలు ఇవిగోండి."

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదండి."

"అయితే వెళ్లండి."

"లోపలికి రానండి. ఇక్కడే నిలబడతాను. రోడ్డు బడిది కాదు కదండీ."

ఆవిడ పేరు సువర్ణ. మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద కూలిపని. ప్రతి శుక్రవారం పని మానేసి, రెండు ఆటోలు మారి వచ్చేది.

ఎనిమిదేళ్ల వీరదుర్గ వీల్‌చైర్ దిగనని మొండికేసే పిల్ల. మూడో శుక్రవారం బంతిని చూసి, వాకర్ పట్టుకుని లేచింది. ఫిజియోథెరపిస్ట్ హెప్సిబా పక్కనే నడిచింది.

పదకొండు అడుగులు.

దుర్గ గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి బంతి చెవి గట్టిగా పట్టుకుంది. బంతి కదల్లేదు.

జ్ఞానయ్య గేటుకు రేకు కొట్టించారు.

పై శుక్రవారం హెప్సిబా దుర్గని ఏకంగా రోడ్డు మీదికే నడిపించుకెళ్లింది.

"ఉద్యోగం పోతుంది, హెప్సిబా."

"తీసేయండి సార్. రెండేళ్లుగా నా వల్ల కానిది ఆ కుక్క వల్ల అయింది. పిల్లని మాత్రం మళ్లీ కూర్చోబెట్టను."

ఆ మాట ఆయన్ని వదల్లేదు. నెల తర్వాత రేకు తీయించి, బంతిని లోపలికి రానిచ్చే అనుమతి కాగితం పట్టుకుని తానే గేటు దగ్గర నిలబడ్డారు.

సువర్ణ రాలేదు.

"తాడేపల్లిగూడెంలోని ఇలాంటి బడివాళ్లు ఆవిడని పిలిచారండి. దుర్గని కూడా వాళ్లమ్మ అక్కడే చేర్పించింది," అంది హెప్సిబా.

"ఫోన్ చేసి క్షమించమని అడుగుతాను. అసలు ఎవరావిడ?"

హెప్సిబా పాత ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. నాలుగేళ్ల కిందటి అడ్మిషన్ దరఖాస్తు. పేరు ఏసుకుమార్, వయసు ఆరు, తల్లి సువర్ణ.

"ఆ బాబు పోయాడండి. బంతిని వాడి కోసమే పెంచిందట."

దరఖాస్తు అడుగున 'మూర్ఛలు వస్తాయి, చేర్చుకోలేం' అన్న మాట కింద ఉన్న సంతకం జ్ఞానయ్యదే.