ఎవరూ అడగని కోడి

“శ్రమ దినాలల్ల మా ఇంటికి కోడిని పంపుతవా సదయ్యా? ఈస్టర్ దాకా నీసు ముట్టనని మొక్కుకున్న మనిషిని నేను!”

సత్యవతి టీచర్ విసిరిన కవరు, మసాలా సీసాలు పడిపోకుండా అల్మారాకు అడ్డంగా కట్టిన తాడుకు తగిలి, కోడిని కోసే మొద్దు మీద పడింది. చికెన్ సెంటర్లో నిలబడ్డ ఇద్దరు గిరాకీలు పక్కకు జరిగారు.

“నువ్వే గద టీచరమ్మా, యాప్‌ల ఆర్డర్ పెట్టినవ్? కిలో స్కిన్‌లెస్, చిన్న ముక్కలు.”

“నేనా? నా ఫోన్ పొద్దుగాల సంది ఫ్రిజ్ మీదనే ఉన్నది. ముట్టనే లేదు.”

“మరి ఫ్రిజ్ పెట్టిందా ఆర్డర్?”

“ఎవలు పెట్టిన్రో నీ యాప్‌నే అడుగు. ఇంకోపారి పంపినవనుకో, ఆదివారం చర్చిల అందరికి చెప్త, సదయ్య దుకాణం తొక్కొద్దని.”

ఆమె వెళ్లిపోయింది. ఆమె వెనకే ఆ ఇద్దరు గిరాకీలూ వెళ్లిపోయారు. మొన్న శనివారం హనుమాన్ మాల వేసుకున్న వాళ్లింటికి లివర్ వెళ్లింది. వాళ్లు తిట్టిన తిట్లు సదయ్య చెవుల్లో ఇంకా అలాగే ఉన్నాయి. బట్టలకొట్టు వాడికి చీర వెనక్కి వస్తే మడతపెట్టి మళ్లీ అమ్ముకుంటాడు. కోసిన కోడి వెనక్కి వస్తే ఎవడికి అంటగట్టాలి?

యాప్ తయారుచేసిన డానీకి ఫోన్ చేశాడు. డానీ ల్యాప్‌టాప్ సంచీతో పరుగున వచ్చాడు.

“ఏం దొంగ సామాను తెచ్చి అతికించినవ్‌రా నా యాప్‌కు?”

“దొంగది కాదు కాకా, లైబ్రరీ. ఎవలో రాసి అందరికోసం పెట్టిన కోడ్ ముక్క. నువ్వు మసాలా నూరుకోకుండ ప్యాకెట్ కొంటవ్ సూడు, గట్ల.”

“ప్యాకెట్‌ల పురుగులుంటే ఎవల్ని అడగాలె?”

“పురుగుల్లేవ్. మొదలు దొరికింది ఆండ్రాయిడ్‌ల నడిచింది, ఐఫోన్‌ల కదల్లే. ఇంకోటి ఐఫోన్‌ల నడిచింది, ఆండ్రాయిడ్‌ల యాప్‌నే మూసేసింది. పెన్షన్ ముసలోళ్లవి ఆండ్రాయిడ్‌లు, వాళ్ల కొడుకులవి ఐఫోన్లు, ఇద్దరి బేరం గావాలె అన్నవ్. వెతికి వెతికి రెండిట్ల నడిచేది తెచ్చిన. ఫోన్ ఊపితే పాత ఆర్డరే మళ్ల పడుతది.”

“ఊపితే పడాలన్న. ఊపకున్నా పడాలన్ననా?”

“జర గట్టిగ ఊపితేనే పడేటట్టు పెట్టిన కాకా. నువ్వే తగ్గియ్యమన్నవ్.”

“అన్న! ఐలవ్వ చేతులల్ల బలమెక్కడిది? ముసల్ది యాప్ తెరుస్తదా, గట్టిగ ఊపుతదా? ఫోన్ జరంత కదిలినా ఆర్డర్ పడాలె. వచ్చే బేరాన్ని ఎవడన్న కాలదన్నుకుంటడా?”

డానీ ఆ రాత్రి ఇంకో లైబ్రరీ వెతికి పెట్టాడు. మర్నాడు పొద్దున యాప్ బుద్ధిగానే ఉంది. మధ్యాహ్నం దుకాణం ఖాళీ అయ్యాక ఆర్డర్లు ఒక్కసారే కుప్పగా పడ్డాయి. ఒక్కటీ నిజం కాదు.

సదయ్యకు లెక్క తేలిపోయింది. సామాను మార్చినా కల్తీ పోలేదంటే, కల్తీ చేసేవాడు మనిషే. రోడ్డవతల పోశం చికెన్ సెంటర్ ఉంది. మధ్యాహ్నం పోశానికీ బేరం ఉండదు.

“పోశం ఎంతిచ్చిండ్రా నీకు?” అన్నాడు సదయ్య, ఆ మర్నాడు మధ్యాహ్నం డానీ రాగానే.

డానీ మొహం ఎర్రబడింది. “గా మాట అనకు కాకా. మెడికల్ షాపోళ్లు యాప్ చేపిచ్చుకుంటమంటున్నరు. నువ్వు దొంగన్నవని తెలిస్తే ఈ ఊర్ల నాకెవలు పనిస్తరు?”

“దొంగవైతే చౌరస్తల నిలబెట్టి మరీ చెప్త. నా కోళ్లు మోరీల పాలైతున్నయ్‌రా! కూసో ఈడ. నీ ఫోన్ నా ఫోన్ పక్కన పెట్టు. ల్యాప్‌టాప్ ముయ్యి. చేతులు నాకు కనబడాలె. ఇయ్యాల ఆర్డర్లు పడలేదనుకో, ఇన్నొద్దులు పెట్టింది నువ్వే.”

“పడితే?”

“పోశం.”

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు ఫోన్లు కౌంటర్ మీద వెల్లకిలా పడి ఉన్నాయి. సదయ్య చాయ్ తెప్పించుకున్నాడు. డానీకి తెప్పించలేదు. రోడ్డవతల పోశం కుర్చీలో చేతులు కట్టుకుని కునుకు తీస్తున్నాడు.

మసాలా సీసాలు కిణకిణమన్నాయి. సదయ్య చాయ్ గ్లాసు మీద అరచెయ్యి పెట్టాడు. డానీ జారబోయిన ల్యాప్‌టాప్‌ను మోచేత్తో ఆపాడు. అవతల పోశం కళ్లు తెరవకుండానే తరాజు పట్టుకున్నాడు.

టింగ్. టింగ్. టింగ్ టింగ్ టింగ్.

సదయ్య ఎగిరి లేచాడు. “పడ్డయ్! పోశంగాడు పండుకునే ఉన్నడు, నువ్వు నా ముందటనే ఉన్నవ్! ఇంకెవడ్రా దొంగ? పేర్లు సదువు!”

డానీ ఆర్డర్ల తెర వైపు వంగాడు. “సత్యవతి టీచర్, కిలో. ఐలవ్వ, పావుకిలో...” గొంతు తగ్గింది. “సదయ్య, అరకిలో. ట్రయల్ అని నువ్వు పెట్టిన ఆర్డరే. నీ ఫోన్ నుంచే మళ్ల పడ్డది కాకా.”

“నా ఫోన్‌లకు గూడ జొర్రిండా!” సదయ్య పిడికిలి బిగించి చుట్టూ చూశాడు. “నా కండ్ల ముందటనే, ఎవడు ముట్టని ఫోన్‌లకు!”

డానీ ఫోన్ వైపు చూడటం లేదు. చాయ్ గ్లాసు వైపు చూస్తున్నాడు.

“కాకా, ఇందాక గ్లాసు మీద చెయ్యెందుకు పెట్టినవ్?”

“ఎందుకేందిరా? ఈ ఊర్ల పుట్టనోని లెక్క అడుగుతున్నవ్. రోజు ఈ యాళ్లకు ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల బ్లాస్టింగ్ పెడతరు, ఇండ్లు, సీసలు, ఊరంత ఊగుత...”